కనెక్షన్ ఎవరి పేరు మీద?

లక్డీకాపూల్ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న పద్నాలుగు మంది స్త్రీలు తమ దుకాణాలన్నిటికీ కలిపి ఒక చిన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ నెట్‌వర్క్ పెట్టుకోవాలని ఆలోచిస్తున్నారు. జిరాక్స్ షాపు, డీటీపీ సెంటరు, బ్లౌజులు కుట్టే రెండు దుకాణాలు, కర్రీ పాయింటు, రోగుల బంధువులకు గదులు అద్దెకిచ్చే చిన్న లాడ్జి, మెట్రో మెట్ల దగ్గర టిఫిన్ బండి - ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో బతుకుతెరువు. వాళ్ళతో కూర్చుని లెక్కలు వేస్తున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. స్త్రీల హక్కుల పత్రికలో ఈ రౌటర్ల గొడవేమిటని కొందరు మిత్రులు అడిగారు. భూమి పట్టా ఎవరి పేరు మీద ఉంది, రేషన్ కార్డులో కుటుంబ పెద్ద ఎవరు, పొదుపు డబ్బు ఎవరి చేతికి వస్తుంది అని మనం ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం. ఇంటర్నెట్ కనెక్షన్ గురించి మాత్రం ఆ ప్రశ్న ఎందుకు అడగడం లేదన్నదే నా సందేహం.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్ళను నగరమంతటా కోయించడం మొదలుపెట్టింది. చాలా వీధుల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్ళాయి. మనుషుల ప్రాణాలు తీసే తీగల చిక్కుముడిని ఎవరో ఒకరు తొలగించవలసిందే, దాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నష్టం ఎవరికి జరిగింది? పెద్ద ఆఫీసులకు రెండో లైను, మూడో లైను ఉంటాయి. ఒకే తీగ మీద ఆధారపడ్డ జిరాక్స్ షాపు ఆమెకు ఆ రోజు పని లేదు. ఆస్పత్రి కాగితాలు ఫోనులో పెట్టుకుని ప్రింటు కోసం వచ్చినవాళ్ళను వెనక్కి పంపింది. రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆస్పత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి పక్కపక్కనే ఉన్నాయి. జిల్లాల నుంచి వచ్చే రోగుల బంధువులకు రిపోర్టో, ఆధార్ జిరాక్సో, ఆరోగ్యశ్రీ కాగితమో అవసరం పడని రోజు ఉండదు. ఆమె దుకాణం ఒకరోజు మూతపడితే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు.

కేబుల్ కోసేసిన రోజుల్లో ఎవరెవరు కంపెనీకి ఫిర్యాదు చేయగలిగారని అడుగుతూ పోతే అసలు విషయం బయటపడింది. పద్నాలుగు మందిలో తన పేరు మీద కనెక్షన్ ఉన్నది ముగ్గురికే. మిగిలినవాళ్ళవి భర్త పేరు మీదో, కొడుకు పేరు మీదో, దుకాణం యజమాని పేరు మీదో ఉన్నాయి. ఇద్దరికి అసలు కనెక్షనే లేదు. ఫిర్యాదు చేయాలంటే రిజిస్టరైన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎవరి జేబులో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. కర్రీ పాయింటు నడిపే ఆమె చెప్పిన మాట ఇది: "బిల్లు నేనే కడ్త అక్కా, పైసలు నా డబ్బాలకెల్లే పోతయ్. గని ఫోన్ చేస్తె 'మీ సార్‌ను మాట్లాడమనండి' అంటరు. ఆయన డ్యూటీల ఉంటడు, మాపటికి గాని రాడు. అందాంక నేను సుప్పుడు జేయకుండ కూసోవాల్నా?"

బ్లౌజులు కుట్టే ఆమెది మరో కథ. ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా భర్త వైఫై పాస్‌వర్డ్ మార్చేస్తాడు. డిజైన్లు వాట్సాప్‌లో పంపే ఖాతాదార్లకు ఈమె రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. వాళ్ళు వేరే చోట కుట్టించుకున్నారు. దీన్ని గృహహింస కేసులో ఎలా రాయాలో నాకు తెలుసు. 2005 చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది, ఉమ్మడి ఇంటి వనరులను స్త్రీకి అందకుండా చేయడం దాని కిందికి వస్తుంది. కానీ ప్రతి పాస్‌వర్డ్‌కూ కోర్టుకు ఎక్కుతామా? పాస్‌వర్డ్ అతని చేతిలో లేకుండా చూడటం అంతకంటే తేలిక.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) "మీరు ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా" అని అడిగింది. తెలంగాణలో అవునన్న స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. దేశం మొత్తం మీద స్త్రీలు మూడో వంతే. సైబరాబాద్ గురించి పాతికేళ్ళుగా గొప్పలు చెప్పుకున్న రాష్ట్రాల సంగతి ఇది. ఆ తర్వాత అంకెలు పెరిగే ఉంటాయి. కానీ వాడటం వేరు, సొంతం కావడం వేరు. మన స్వచ్ఛంద సంస్థలు నడిపే డిజిటల్ అక్షరాస్యత శిక్షణలు వాడటం దగ్గరే ఆగిపోతున్నాయి. ఫోను ఎలా నొక్కాలో నేర్పి సర్టిఫికెట్ ఇచ్చి ఫోటో తీసుకుని వచ్చేస్తున్నాం. ఆ ఫోను సాయంత్రం ఎవరి చేతికి పోతుందో అడగడం లేదు. నిధులిచ్చేవాళ్ళ ఫారాల్లో ఆ గడి ఉండదు కాబట్టి కావచ్చు.

"ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది, డేటా చవక, ఇంకా ఈ నెట్‌వర్క్ ఎందుకు?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. పైసలు పడ్డాయని చెప్పే సౌండ్ బాక్సు తన సొంత సిమ్‌తో పనిచేస్తుంది. దానికి మన నెట్‌వర్క్ అక్కర్లేదు. టిఫిన్ బండికి క్యూఆర్ కోడు కాగితం చాలు. కానీ డీటీపీ సెంటరులో పెళ్ళిపత్రిక ఫైలు ప్రెస్సుకు పంపాలన్నా, జిరాక్స్ షాపులో కంప్యూటరు మీద వాట్సాప్ తెరిచి ప్రింటు తీయాలన్నా, లాడ్జిలో దిగినవాళ్ళు ఊళ్ళో పిల్లలతో వీడియోలో మాట్లాడాలన్నా, ఒక ఫోను హాట్‌స్పాట్ మీద ఎంతసేపు బండి లాగుతాం? పైగా ఆ ఫోను పట్టుకుని కొడుకు కాలేజీకి వెళ్ళిపోతే దుకాణమే ఆగిపోతుంది. దుకాణానికి దుకాణం పేరు మీదే కనెక్షన్ ఉండాలి.

ఇలాంటి అవకాశం మనకు ఇంతకుముందు ఒకసారి వచ్చింది. పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు గుర్తున్నాయా? తొంభైలలో నాంపల్లి స్టేషన్ నుంచి లక్డీకాపూల్ దాకా ఎన్ని ఉండేవో. వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. బూతుల్లో కూర్చున్నవాళ్ళలో స్త్రీలు ఎందరో. మీటరు పలక మీద ఎర్రటి అంకెలు చూస్తూ, బిల్లు చింపి ఇస్తూ కాల్‌కు ఇంత అని కమిషన్ సంపాదించారు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ బూతులన్నీ కొట్టుకుపోయాయి. సంపాదన పోయింది సరే, ఆ చదరపు గజం జాగాలో స్త్రీకి దొరికిన గుర్తింపు కూడా పోయింది. తర్వాత వచ్చిన ఇంటర్నెట్ కేబుల్ వ్యాపారం, ప్రతి గల్లీలోనూ, మగవాళ్ళ వ్యాపారమే అయింది. స్తంభాలెక్కేది మగవాళ్ళు, వసూళ్ళకు వచ్చేది మగవాళ్ళు, ఏ గల్లీ ఎవరిదో పంచుకునేదీ వాళ్ళే.

2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం ఆ పాత బూతు ఆలోచననే మళ్ళీ తెచ్చింది. పబ్లిక్ కాల్ ఆఫీసు పోలికతోనే దీనికి పబ్లిక్ డేటా ఆఫీసు అని పేరు పెట్టారు. ఏ చిన్న దుకాణమైనా ఒక బ్రాడ్‌బ్యాండ్ లైను తీసుకుని వైఫై రూపంలో చుట్టుపక్కలవాళ్ళకు అమ్ముకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, ఫీజు లేదు, దుకాణం రిజిస్టరు చేసుకోనక్కర్లేదు. ప్రభుత్వం దగ్గర నమోదయ్యేది దుకాణాలను కలిపి నడిపే అగ్రిగేటరు, యాప్ నడిపేవాళ్ళు మాత్రమే. ఇంటి కోసం తీసుకున్న కనెక్షన్‌ను నలుగురికీ అమ్మితే కంపెనీ షరతులను దాటినట్లవుతుంది. ఈ దారిలో వెళితే ఆ భయం లేదు.

కాగితం మీద బాగానే ఉంది. 2018 టెలికాం విధానం 2022 నాటికి కోటి పబ్లిక్ వైఫై కేంద్రాలు వస్తాయన్నది. వచ్చినవి దానికి ఆమడ దూరంలో ఆగిపోయాయి. పెద్ద కంపెనీలు ఈ చిన్న దుకాణాలకు మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకుండా, ఎన్నో రెట్లు ఖరీదైన లీజు లైన్లు తీసుకోమనడం దీనికి ఒక ముఖ్య కారణం. చివరికి 2025 జూన్‌లో ట్రాయ్ కలగజేసుకోవలసి వచ్చింది. 200 ఎంబీపీఎస్ వరకు వేగమున్న లైన్లకు, ఇంటి కనెక్షన్ ధరకు రెట్టింపు మించి ఈ దుకాణాల దగ్గర వసూలు చేయకూడదని ఆదేశించింది. మా లెక్కలన్నీ ఈ ఆదేశం మీదే నిలబడి ఉన్నాయి. ఒక 200 ఎంబీపీఎస్ లైను తీసుకుంటే, పద్నాలుగు దుకాణాలూ ఒకేసారి వాడినా ఒక్కొక్కదానికి 14 ఎంబీపీఎస్ వస్తుంది. వీడియోలో మాట్లాడటానికి రెండు చాలు. నెలకు పద్నాలుగు బిల్లులు కట్టే బదులు రెట్టింపు ధరకు ఒకే బిల్లు కట్టి పంచుకుంటే ఎంత మిగులుతుందో ఎవరికైనా అర్థమవుతుంది.

గాలిలో పంపడానికి ఎవరి అనుమతి కావాలి? ఈ ప్రశ్న దాదాపు ప్రతి సమావేశంలోనూ వస్తోంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. క్రికెట్ ప్రసారాల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార శాఖకూ నడిచిన కేసు అది. ధర్మాసనంలో ఒకరు అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆ తర్వాత పదేళ్ళకు, 2005 జనవరిలో, తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం ప్రకటించింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీని కూడా చాలావరకు అలాగే వదిలింది. అంటే మన మేడ మీద నుంచి ఎదుటి మేడకు తరంగం పంపుకోవడానికి ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు.

తరంగాలు ప్రజలవే అని తీర్పు వచ్చినంత మాత్రాన అవి స్త్రీల చేతికి రాలేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఏళ్ళ తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టుకుని, ప్రసారం చేసే హక్కు లేక సంఘాల్లో క్యాసెట్లు వినిపించుకుంటూ వచ్చారు. 2002లో ప్రభుత్వం సామాజిక రేడియోను అనుమతించినా అది విద్యాసంస్థలకే. 2006 చివరలో గాని ప్రజా సంస్థలకు తలుపు తెరవలేదు. సంఘం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. జొన్నలు, కొర్రలు పండించే చేతులే మైకులు పట్టుకున్నాయి, మిక్సర్లు తిప్పాయి. "యంత్రాలు ఆడవాళ్ళకు అర్థం కావు" అనేవాళ్ళకు నేను ఇప్పటికీ ఆ స్టూడియో గురించే చెబుతాను.

మా ప్లాను పెద్ద గొప్పదేమీ కాదు. నాలుగంతస్తుల మేడ ఒకటి చూశాం. ఫైబరు లైను అక్కడికి వస్తుంది. మేడ మీద 5 గిగాహెర్ట్జ్ రేడియో ఒకటి, మిగతా దుకాణాల ముందో పైకప్పు మీదో చిన్న రిసీవర్లు. ఇక్కడ నియమం ఒక్కటే, రేడియో కంటికి కనిపించాలి. మెట్రో కాంక్రీటు వంతెన అడ్డు వస్తే తరంగం దూరదు. అందుకే రోడ్డుకు అవతలి వైపున్న నాలుగు దుకాణాలకు వేరే మేడ మీద రెండో రేడియో పెట్టాలి. దుకాణం లోపల ఫోన్లకు 2.4 గిగాహెర్ట్జ్ వాడదామంటే, ఆ చుట్టుపక్కల లాడ్జిలు, ఆస్పత్రులు, ఆఫీసుల వైఫైలతో ఆ పట్టీ నిండిపోయి ఉంది. దాంట్లో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండే ఛానళ్ళు మూడే - 1, 6, 11. ఎవరు దేని మీద ఉండాలో కాగితం మీద గీసుకున్నాం. ఇనుప షట్టరు దింపితే లోపలికి సిగ్నల్ రాదన్నది లాడ్జి ఆమె కనిపెట్టిన సంగతి. కరెంటు పోయినప్పుడు నడవడానికి ఇన్వర్టరు, పిడుగుల కాలానికి ఎర్తింగు. ఈ రెంటిలో పీనాసితనం పనికిరాదు. కేబుల్ చివర క్లిప్పు బిగించేటప్పుడు ఎనిమిది రంగుల తీగలు వరస తప్పకూడదు. బ్లౌజులు కుట్టే ఆమె మొదటిసారే సరిగ్గా బిగించింది. నేర్పడానికి వచ్చిన కుర్రాడు రెండుసార్లు తప్పాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రిజిస్టరు సంగతి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబైలో ఒకరి ఇంటి తాళంలేని వైఫై నుంచి వెళ్ళిందని తేలింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ, పబ్లిక్ వైఫై వాడేవాళ్ళ గుర్తింపు తెలిసి ఉండాలని ఆదేశాలిచ్చింది. 2011 సైబర్ కెఫే నియమాలు ప్రతి కస్టమరు గుర్తింపు చూడాలని, రిజిస్టరు ఏడాది పాటు దాచాలని, క్యాబిన్ గోడలు నాలుగున్నర అడుగులు మించకూడదని చెప్పాయి. భద్రత కోసమే కావచ్చు. కానీ పేరు, చిరునామా, ఫోను నంబరు రాసిన ఆ పుస్తకం కౌంటరు మీద తెరిచి ఉండేది. వెనక నిలబడ్డ ఎవరైనా చదువుకోవచ్చు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి దుకాణాల నుంచి అమ్మాయిల నంబర్లు అమ్ముడుపోతున్నాయని పత్రికలు బయటపెట్టాయి. చూడ్డానికి బాగుంటే ఎక్కువ ధర, లేకపోతే తక్కువ. ఆ వార్త చదివిన స్త్రీ ఎవరైనా ఆ తర్వాత దుకాణంలో నంబరు చెప్పడానికి ఒక్క క్షణం ఆగే ఉంటుంది.

మేము అలాంటి ఇంకో పుస్తకం తెరవకూడదని నిర్ణయించుకున్నాం. పీఎం-వాణిలో వాడేవాళ్ళ ధ్రువీకరణ, లెక్కలు చూసేది యాప్, అగ్రిగేటరు. దుకాణంలో కూర్చున్నవాళ్ళకు నంబరు కనిపించనక్కర్లేదు. కాబట్టి "ముందు మీ నంబరు రాయండి" అనే కాగితం మా దుకాణాల్లో ఉండదు. ఒక దుకాణం కంప్యూటరు ఇంకో దుకాణానికి కనిపించకుండా లోపల విడివిడిగా కట్టాలి. లాడ్జిలో దిగినవాళ్ళ వైఫైకీ, లాడ్జి లెక్కల కంప్యూటరుకూ సంబంధం ఉండకూడదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరు స్త్రీల దగ్గర మాత్రమే ఉంటుంది, ఆర్నెల్లకోసారి ఆ ఇద్దరూ మారతారు. అగ్రిగేటరుతో ఒప్పందం చేసుకునే ముందు మా తరఫున ఒకరు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, మా దగ్గర కనెక్టైన స్త్రీల వివరాలు మీ దగ్గర ఎన్నాళ్ళుంటాయి, ఎవరికిస్తారు అని. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ హక్కు లక్డీకాపూల్ జిరాక్స్ షాపు దాకా రావాలంటే ఎవరో ఒకరు ఇలా అడగాలి.

యాజమాన్యం విషయంలో మా మధ్య ఇంకా వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఒక సంస్థ ముందుకు వచ్చి పరికరాలన్నీ మేమే కొనిస్తాం, మా పేరు బోర్డు పెట్టుకోండి అన్నది. కొందరికి ఆశగానే ఉంది, డబ్బు లేనివాళ్ళకు ఆశ ఉండటం సహజం. నేను వద్దన్నాను. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో పల్లెలను దూరపు వైఫై టవర్లతో కలిపి, వైద్యం, చదువు వీడియోలో అందించింది. ఐఐటీ పరిశోధకులు సైతం వచ్చి చూసిన పని అది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడటంతో ఆ కుటుంబం నడిపిన ఫౌండేషన్ కూడా దెబ్బతిన్నది. పల్లెల్లో వీడియో పాఠాలు వినేవాళ్ళకూ కంపెనీ లెక్కలకూ ఏం సంబంధం? అయినా దాత పడిపోతే టవరు పడిపోతుంది. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద మన పొదుపు సంఘాలు ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నాయి. నెట్‌వర్క్‌ను కూడా అలాంటి సంఘం పేరు మీదే పెట్టాలని నా అభిప్రాయం. పరికరాలు విడతలవారీగా కొందాం, మొదట ఐదు దుకాణాలు, మిగిలినవి తర్వాత. ఆలస్యమైతే అవుతుంది.

టిఫిన్ బండి ఆమె ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆమెకు చిరునామా లేదు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ అద్దె ఒప్పందమో, కరెంటు బిల్లో అడుగుతుంది. ఫుట్‌పాత్‌కు కరెంటు బిల్లు ఎక్కడిది? 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆమెకు గుర్తింపు కార్డు రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ కార్డును చిరునామాగా ఎవరూ ఒప్పుకోవడం లేదు. సంఘంలో సభ్యత్వానికి మాత్రం ఆ కార్డు చాలని తీర్మానం రాసుకున్నాం. "నా బండికి గూడ ఒక ఓటు ఉంటదా?" అని ఆమె అడిగింది. లాడ్జికి ఎన్ని ఓట్లో బండికీ అన్నే, ఒకటి.

ఇక మేడ సంగతి. ఇంటి యజమాని ఒప్పుకున్నారు, కాకపోతే ఒప్పందం మీద "ఎవరైనా మగవాళ్ళు" సాక్షి సంతకం పెట్టాలంటున్నారు. సంఘం అధ్యక్షురాలు, కార్యదర్శి పెడతారు, సాక్షులూ మా సభ్యులే అని చెప్పి వచ్చాం. ఆయన ఆలోచించి చెబుతానన్నారు. పైకప్పు వాడకానికి ఒప్పందం రాసిన అనుభవం మీ సంఘాల్లో ఎవరికైనా ఉంటే ఆ నమూనా పత్రిక చిరునామాకు పంపండి. యజమాని ఇల్లు అమ్మేస్తే రేడియో ఏమవుతుంది, మరమ్మతుకు మేడ ఎక్కడానికి ఏ వేళల్లో వీలు, కరెంటు ఖర్చు ఎలా లెక్కించాలి - ఈ మూడు షరతుల మీద మాకు సలహా కావాలి.